హిమోగ్లోబిన్ 8.6, ఎంసీవీ 68: ఐరన్ మాత్రలు వేసుకుంటే చాలా?

పర్లాకిమిడిలో ఉన్న మీ చెల్లెలి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రిపోర్ట్ పంపి, ఐరన్ మాత్రలు సరిపోతాయా అని అడిగారు. గర్భం లేని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 8.6 అంటే రక్తహీనతే. అది ఏ రకమో తెలియాలంటే ఎంసీవీ చూడాలి, అంటే ఎర్ర రక్తకణం సగటు పరిమాణం. మామూలుగా 80 నుంచి 100 ఉంటుంది. 100 దాటితే బీ12 లేదా ఫోలేట్ లోపం ఉందేమో చూస్తారు. ఆమెకు 68, అంటే కణాలు చిన్నవి.

చిన్న కణాలకు ముఖ్యంగా రెండు కారణాలు: ఐరన్ లోపం, తలసీమియా మైనర్ (హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే జన్యు లోపం, ఒక్క జన్యువులోనే ఉన్న తేలిక రూపం). ఎంసీవీని ఆర్‌బీసీ, అంటే ఎర్ర రక్తకణాల సంఖ్యతో (మిలియన్లలో) భాగిస్తే 13 కంటే ఎక్కువ రావడం ఐరన్ లోపం వైపు, తక్కువ రావడం తలసీమియా వైపు సూచన. మీరు రాసిన ఆర్‌బీసీ 4.1, కాబట్టి దాదాపు 16.6. ఐరన్ లోపమే కావచ్చు. ఇది అంచనా మాత్రమే, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, నులిపురుగులు ఉన్నాయా అనేది డాక్టర్ చూడాలి. లేదంటే మాత్రలు ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది.

నేనైతే అక్కడితో ఆగను. ఒడిశాలో మీ చెల్లెలు ఉన్న గజపతి జిల్లాతో పాటు రాయగడ, కోరాపుట్‌లోనూ, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలిలోనూ సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు జబ్బు) ఉంది. ఒక్క సికిల్ జన్యువే ఉన్నవాళ్లకు సీబీసీ సాధారణంగా నార్మల్‌గానే వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే రక్తపరీక్ష) లాంటి పరీక్షలో తేలుతుంది. సంబంధాలు చూస్తున్నామన్నారు కదా, భార్యాభర్తలిద్దరికీ ఆ జన్యువు ఉంటే పిల్లలకు జబ్బు రావచ్చు కాబట్టి పెళ్లికి ముందే చేయించండి. ఒక చిక్కు: ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఇదే పరీక్షలో తలసీమియా మైనర్ కనబడకుండా పోవచ్చు. అనుమానముంటే ఐరన్ సరయ్యాక మళ్లీ చేయిస్తారు.