‘అమెజాన్ విమెన్ ఆన్ ద మూన్’ అనే అమెరికన్ కామెడీ సినిమా అరగంట చూసి ఆపేశాను. అసలు ఇందులో నవ్వాల్సింది ఏముంది?

మీరు నయం, అరగంటైనా కూర్చున్నారు. నేను ఇరవై నిమిషాలకే లేచిపోయాను. 2003లో ఎం.ఎస్.కి అమెరికా వెళ్లిన కొత్త. అక్కడే పుట్టి పెరిగిన మా రూమ్మేట్ డీవీడీ పెట్టి పడీ పడీ నవ్వుతున్నాడు. నేనేమో “కథ ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగాను. దానికి ఇంకా నవ్వాడు.

ఆ సెమిస్టర్‌లోనే నాకు హాస్టల్ ఫ్రంట్ డెస్క్‌లో నైట్ డ్యూటీ దొరికింది. తాళం మర్చిపోయి వచ్చినవాళ్లకి తలుపు తీయడం తప్ప పనేమీ లేదు. మూల ఒక టీవీ ఉండేది. అమెరికాలో రాత్రి రెండు గంటలకి టీవీలో ఏమొస్తుందో అప్పుడు తెలిసింది. కూరగాయలు తరిగే మిషన్ మీద అరగంట ప్రకటన. తర్వాత బట్టతలకి మందు. ఆ తర్వాత ఏ 1950ల నాటి సినిమానో వస్తుంది. అందులో రాకెట్ ఎగురుతుంటే దాన్ని వేలాడదీసిన తీగ కూడా కనిపిస్తూనే ఉంటుంది, నటులు మాత్రం మహా సీరియస్‌గా డైలాగులు చెబుతుంటారు. రాత్రి గంటలు నింపుకోడానికి లోకల్ స్టేషన్లు ఇలాంటి చవక సినిమాలను కట్టలు కట్టలుగా కొనేవి.

నెల రోజులు ఆ టీవీ చూశాక డీవీడీ మళ్లీ పెట్టాను. ఈసారి పొట్ట చెక్కలయింది.

ఇందులో కథ లేదు, ఇది ఆ అర్ధరాత్రి టీవీ మీద వెక్కిరింత. 1987లో జో డాంటే, జాన్ లాండిస్‌తో సహా ఐదుగురు దర్శకులు తలో ముక్క తీశారు. ఏదో స్టేషన్‌లో అర్ధరాత్రి ఒక చంద్రలోకం సినిమా వేస్తుంటారు. నిజానికి ఆ పాత సినిమా లేదు, వీళ్లే కల్పించారు. మాటిమాటికీ ఫిల్మ్ తెగిపోతుంది, ఆ సందుల్లో మిగతా స్కెచ్‌లు, అంటే చిన్న చిన్న హాస్య నాటికలు. దూరదర్శన్‌లో ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ బోర్డు చూసి, రీలు తెగితే హాల్లో ఈలలు వేసి పెరిగినవాళ్లకి ఆ జోకు వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది అదృశ్య మానవుడి కొడుకు స్కెచ్. 1933 నాటి ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ సినిమాలా బ్లాక్ అండ్ వైట్‌లో, అచ్చం అదే లైటింగ్‌తో తీశారు. నటుడు ఎడ్ బెగ్లీ జూనియర్ మాయమయ్యే మందు తాగి, తను మాయమైపోయాననుకుని బట్టలన్నీ విప్పేస్తాడు. మాయం కాలేదు, అందరికీ శుభ్రంగా కనిపిస్తున్నాడు. సారా దుకాణంలో జనం పాపం అతని మనసు కష్టపెట్టడం ఎందుకని సర్దుకుపోతుంటారు. అతని మొహంలో ఒక్కసారి కూడా అనుమానం రాదు. ఇదే స్కెచ్‌ని వెకిలిగా తీసి ఉంటే తేలిపోయేది.

ఇంకోటి విమర్శకులది. టీవీలో ఇద్దరు సినిమా విమర్శకులు ఉన్నట్టుండి, ఇంట్లో కూర్చుని వాళ్లనే చూస్తున్న ఒక మామూలు మనిషి జీవితాన్ని సమీక్షించి ఏకి పారేస్తారు. అది విని ఆయన పోతాడు. అంత్యక్రియలకి కమెడియన్లు వచ్చి శవపేటిక పక్కనే జోకులేస్తారు. సెలబ్రిటీలని పొగిడినట్టే తిట్టే ‘రోస్ట్’ షోలు అక్కడ అలాగే ఉంటాయి. చివరికి భార్య కూడా మైకు అందుకుంటుంది.

అన్నీ ఇంత బావుండవు. కొన్ని నీరసంగా ఉంటాయి, వాటిని దాటేయండి.

నన్నడిగితే ముందు ‘ద కెంటకీ ఫ్రైడ్ మూవీ’ (1977) చూడండి, అదీ ఇలాంటి స్కెచ్‌ల సినిమాయే. జకర్ సోదరులిద్దరూ, జిమ్ అబ్రహామ్స్ రాశారు, లాండిస్ తీశాడు. తర్వాత 1980లో ‘ఎయిర్‌ప్లేన్!’ అనే కామెడీ సినిమా తీసింది ఆ ముగ్గురు రచయితలే. ‘కెంటకీ’లో పెద్ద భాగం బ్రూస్ లీ ‘ఎంటర్ ద డ్రాగన్’కి పేరడీ. బ్రూస్ లీ మనకి తెలియనివాడా, అమెరికన్ టీవీ తెలియకపోయినా నవ్వొస్తుంది. కాకపోతే ఇంట్లో అందరితో కూర్చుని చూసే సినిమా కాదు, ముందే చెబుతున్నా. జాతుల మీద వేసిన కొన్ని జోకులు ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా కూడా ఉంటాయి. వీటికంటే ముందు 1974లో వచ్చిన ఇలాంటి సినిమాయే ‘ద గ్రూవ్ ట్యూబ్’ చూడకపోయినా కొంపలేం మునగవు.

అన్నట్టు, ‘అమెజాన్ విమెన్’లో చివరి పేర్లు పడుతుంటే ఆపేయకండి. ఆ తర్వాత నటి క్యారీ ఫిషర్‌తో ఒక స్కెచ్ ఉంది. సుఖరోగాల గురించి యువతని భయపెట్టే 1930ల నాటి హెచ్చరిక సినిమాలకి పేరడీ. అన్నిసార్లు చూసిన మా రూమ్మేట్‌కి అది ఉందని తెలియదు. నేనే చూపించాను.