పైసా రాని షేరు, నిద్ర లేని ఆదివారం

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు నిద్ర గురించి అడిగితే, ఆదివారం రాత్రిళ్లు నేనూ మేలుకునే ఉంటానని, అమెరికాలో గ్రీన్ బే ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ టీమ్ మ్యాచ్ చూస్తానని ఒక్క ముక్క రాశాను. ముప్పై ఏళ్లు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినవాణ్ణి, దాని మీద ఎవరూ ఇన్ని ఉత్తరాలు రాయలేదు. ఈసారి జవాబులన్నీ వాటికే. క్రికెట్ అడిగినవాళ్లు ఒక నెల ఆగండి.

*ప్రశ్న: అన్నయ్యా, మా ఆయన బ్యాంకులో రిటైరై రెండేళ్లయింది. మా పెద్దోడు అమెరికాలో మిల్వాకీలో ఉంటాడు. అక్కడికి వెళ్లి వచ్చినప్పటి నుంచి ఈయనకు మీరు రాసిన ఆ ప్యాకర్సే లోకం. మొన్న రాత్రి ఒంటిగంటకు ఒక్కసారిగా అరిస్తే కింద కిరాయికి ఉన్నవాళ్లు దొంగలు పడ్డారని కర్రతో వచ్చారు. బీపీ మాత్రలు వేసుకునే మనిషి. ఇప్పుడు వాట్సాప్‌లో ఎవరో ఆ టీమ్ షేరు 40 వేలకు ఇప్పిస్తామంటే కొంటానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?*
– ఒక సోదరి, హన్మకొండ

జవాబు: చెల్లెమ్మా, ముందు పైసల సంగతి. ఆ 40 వేలు బావ చేతి నుంచి కదలనివ్వకండి. (మిమ్మల్ని చెల్లెమ్మా అన్నాను కాబట్టి ఆయన నాకు బావే.) ప్యాకర్స్ షేర్లు బజారులో దొరికేవి కావు. టీమ్ అమ్మకం పెట్టినప్పుడే దొరుకుతాయి. 1923 నుంచి ఇప్పటిదాకా ఆరుసార్లే పెట్టింది. ఆరోది 2021 నవంబర్‌లో మొదలైంది. అప్పుడు షేరు 300 డాలర్లు, అదీ అమెరికా, కెనడాల్లో ఉండేవాళ్లకే. కొన్నవాళ్లు బయటివాళ్లకు అమ్ముకోలేరు, సొంత కుటుంబంలో ఇచ్చుకోవచ్చు. కాబట్టి వాట్సాప్‌లో అమ్ముతానన్నవాడు మోసగాడే, ఇందులో రెండో మాట లేదు.

సరే, నిజమైన షేరే అనుకోండి. దానికి డివిడెండ్ రాదు. ధర పెరగదు. మ్యాచ్ టికెట్ కూడా ఇవ్వరు. ఏటా స్టేడియంలో జరిగే మీటింగ్‌కు పోయి కూర్చోవచ్చు, బోర్డుకు ఓటు వేయవచ్చు, కాగితం ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకోవచ్చు. టీమ్ మొత్తం ఒకడి చేతిలో పడకుండా మనిషికి ఇన్నే షేర్లని హద్దు కూడా ఉంది. అయినా 5 లక్షల 37 వేల మందికి పైగా కొన్నారు. నా స్టూడెంట్ ఎవడైనా పరీక్షలో దీన్ని పెట్టుబడి అని రాస్తే సున్నా వేసేవాణ్ణి. కానీ నాకు కొనే అవకాశం ఉంటే కొనేవాణ్ణి. ఎందుకో చెప్తాను, బావ అరుపు కూడా అందులోనే అర్థమవుతుంది.

2010 జూలైలో బిడ్డ దగ్గరికి పోయాను. వాళ్లు ఉండేది ఆపిల్టన్, గ్రీన్ బేకు 50 కిలోమీటర్లు. మొదటి వారమే అల్లుడు ప్రాక్టీస్ చూడటానికి తీసుకుపోయాడు. స్టేడియం తలుపు దగ్గర చిన్నపిల్లలు సైకిళ్లు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. లోపలి నుంచి ఆరడుగుల పైన, క్వింటాలు దాటిన ఆటగాళ్లు వచ్చి ఒక్కొక్కరూ ఒక్కో పిల్లవాడి సైకిల్ ఎక్కారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. పిల్లవాడు ఆ మనిషి హెల్మెట్ మోసుకుంటూ పక్కన పరుగు. అట్లా ప్రాక్టీస్ గ్రౌండ్ దాకా పోతారు. 1960ల నుంచీ ఇదే పద్ధతట. కోట్ల జీతం తీసుకునేవాడు రెండో తరగతి పిల్లవాడిని సైకిల్ ఇస్తావా అని అడగడం నేను ఎక్కడా చూడలేదు.

ఆ ఊరి జనం లక్షకు కొంచెం పైన. మన కాజీపేట, హన్మకొండ, వరంగల్ కలిపితే ఆ ఊరు ఒక మూలకు వస్తుంది. స్టేడియంలో సీట్లు మాత్రం ఇప్పుడు 81 వేల పైచిలుకు. అంత చిన్న ఊరికి అంత పెద్ద టీమ్ ఎట్లా దక్కిందని అల్లుణ్ణి అడిగితే టీమ్ పేరు నుంచి మొదలుపెట్టాడు. 1919లో అక్కడ మాంసం డబ్బాల్లో ప్యాక్ చేసే కంపెనీ ఒకటి ఉండేది. అందులో గుమాస్తా కర్లీ లాంబో, ఊరి పత్రికలో పనిచేసే జార్జ్ కాల్హూన్ కలిసి టీమ్ పెట్టారు. బనియన్లకు కంపెనీ 500 డాలర్లు ఇచ్చింది. అందుకే ప్యాకర్స్. మొదట్లో గ్రౌండుకు కంచె కూడా లేదు, చూసేవాళ్ల మధ్య టోపీ తిప్పి చందా ఎత్తేవారు. రెండేళ్లకే ఆ కంపెనీ చేతులు మారి పోయింది. టీమ్ కూడా పోయేదే. 1923లో ఊరివాళ్లు ఒక్కోటి 5 డాలర్ల చొప్పున షేర్లు కొని నిలబెట్టుకున్నారు.

ఆ రోజుల్లో లీగ్‌లో ఇట్లాంటి చిన్న ఊళ్ల టీములు చాలానే ఉండేవి. డికేటర్ టీమ్ షికాగోకు పోయింది. పోర్ట్స్‌మత్ టీమ్ డెట్రాయిట్‌కు పోయింది. ఓనర్ ఎటు పోతే టీమ్ అటే కదా. గ్రీన్ బే టీమ్‌కు ఓనర్ ఊరే. ఊరు ఎటు పోతుంది?

ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న వరంగల్‌లో బట్టల మిల్లులో పనిచేశాడు. సైరన్ మోత విని మా అమ్మ పొయ్యి వెలిగించేది. మిల్లు మూతపడ్డది, మిషన్లు పోయాయి, ఆటోవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ పేరు చెప్పే దింపుతారు. ప్యాకింగ్ కంపెనీ పోయి పేరు మిగిలిన ఊరు అది, మిల్లు పోయి పేరు మిగిలిన ఊరు మనది. తేడా ఏమిటంటే, వాళ్ల పేరు ఇంకా ఆదివారం ఆదివారం ఆడుతోంది. నేను ఆ టీమ్‌కు చిక్కింది అక్కడే, ఆట అర్థం కాకముందే.

డిసెంబర్‌లో మంచు బాగా పడితే స్టేడియం మెట్ల మీది మంచు ఎత్తడానికి ఊరివాళ్లనే పిలుస్తారు, గంటకు ఇంత అని కూలి ఇస్తారు. మా పక్కింటి ముసలాయన ఏటా పోతాడట. నేనూ వస్తానంటే బిడ్డ వీసా గుర్తుచేసి కూర్చోబెట్టింది. 2011 జనవరి 2న అల్లుడి ఆఫీసులో ఒకతను రెండు టికెట్లు ఇస్తే షికాగో బేర్స్‌తో మ్యాచ్ చూశాను. ఆ రెండు టీముల వైరం 1921 నుంచి ఉంది. ఓడితే సీజన్ అయిపోయినట్టే. 10–3తో గెలిచాం. చూశారా, 'గెలిచాం' అని రాశాను.

సంక్రాంతికి ఇల్లు చేరాను. ప్యాకర్స్ వాళ్లు వరుసగా మూడు మ్యాచ్‌లు పరాయి ఊళ్లలో గెలిచి ఫైనల్‌కు వచ్చారు. ఫిబ్రవరి 7 తెల్లవారుజామున 5 గంటలకు అల్లుడు అక్కడ టీవీ ముందు ల్యాప్‌టాప్ పెట్టి స్కైప్‌లో నాకు చూపించాడు. బొమ్మలో సగం వాళ్ల సోఫా. 21–3 నుంచి పిట్స్‌బర్గ్ వాళ్లు 28–25 దాకా వచ్చేశారు. సరిగ్గా అప్పుడు మా వీధిలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరుగుతోంది, ఇంటర్నెట్ లేదు. అల్లుడికి ఫోన్ చేసి 'ఏం కనబడితే అది చెప్పు' అన్నాను. 31–25 అని వాడు అరిస్తే ఇక్కడ నేనూ అరిచాను. పక్కింటివాళ్లు అమెరికాలో ఎవరికో ఏదో అయిందనుకుని పలకరించడానికి వచ్చారు. మీ కింది వాటావాళ్లు కర్ర తెచ్చారు, మావాళ్లు ఏడుపు మొహాలు తెచ్చారు, అంతే తేడా.

బీపీ సంగతి డాక్టర్ చెప్పాలి, నేను చెప్పను. లెక్క మాత్రం చెప్తాను. సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి వారం దాకా 17 మ్యాచ్‌లే. చాలావరకు మన టైముకు రాత్రి పదిన్నరకు మొదలవుతాయి, నవంబర్‌లో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక పదకొండున్నరకు. కొన్ని పొద్దున ఆరు, ఏడు గంటలకు టీతో చూడొచ్చు. అర్ధరాత్రి దాటాక మొదలయ్యేవి మూడో నాలుగో ఉంటాయి, వాటిని మర్నాడు రికార్డింగ్ చూడమనండి. ఫోన్ మీరు దాచిపెట్టండి, లేకపోతే స్కోరు ముందే చూసేస్తాడు.

*ప్రశ్న: చేతుల్తో పట్టుకుని ఉరుకుతారు, మీద పడి కుమ్ముకుంటారు. దీన్ని ఫుట్‌బాల్ అని ఎట్లా అంటారు సార్?*
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: కాలితో తన్నడం కూడా ఉంది, కానీ తక్కువ. నువ్వు దాన్ని భూమి తగాదా అనుకుని చూడు, సులువుగా ఎక్కుతుంది. మైదానం పొడవు 100 గజాలు, మనం ప్లాటు కొలిచే గజాలే. పక్షానికి 11 మంది. బంతి ఉన్నవాళ్లకు నాలుగు అవకాశాలు ఇస్తారు, ఆలోపు 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు. జరగకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటితే 6 పాయింట్లు. బంతి ఉన్నవాణ్ణి కింద పడేస్తే అక్కడికి ఆ అవకాశం అయిపోయినట్టు, కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టేసినట్టే. ఆట టైము 60 నిమిషాలని రాసి ఉంటుంది, నమ్మకు. మూడు గంటలు పడుతుంది.

*ప్రశ్న: నేను ఐపీఎల్‌లో ఏటా టీమ్ మారుస్తా. గెలిచేవాళ్లతో ఉంటే టెన్షన్ ఉండదు. ఒకే టీమ్‌ను పట్టుకుని వేలాడటం ఎందుకు?*
– జగిత్యాల

జవాబు: తమ్ముడూ, ప్యాకర్స్‌వి 13 టైటిళ్లు. ఆ లీగ్‌లో ఇంకెవరికీ అన్ని లేవు. సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచినవాళ్లకు ఇచ్చే కప్పుకు మా పాత కోచ్ విన్స్ లోంబార్డి పేరే పెట్టారు. అయితే 2011 తర్వాత పేరు మాది, కప్పు వేరేవాళ్లది.

టెన్షన్ అన్నావు కాబట్టి ఒకటి చెప్తాను. 2015 జనవరి 19, మనకు రాత్రి ఒకటిన్నర. సియాటిల్‌లో సెమీఫైనల్ లాంటి మ్యాచ్. ఇంకా ఐదు నిమిషాలుందనగా మావాళ్లు 19–7తో ముందున్నారు, బంతి కూడా మా చేతికే వచ్చింది. నేను లేచి దుప్పటి మడతపెట్టాను. ఆ తర్వాత సియాటిల్ ఒకసారి గీత దాటింది. వెంటనే బంతిని కావాలని పొట్టిగా తన్నితే అది మా ఆటగాడి చేతుల్లోంచి జారి వాళ్లకే దొరికింది. ఎక్స్‌ట్రా టైములో 28–22తో పోయింది. ఆపేసి బయటికి వస్తే పాల ప్యాకెట్ల అబ్బాయి సైకిల్ స్టాండు వేస్తున్నాడు. 'సార్, ఇంత పొద్దున్నే లేచారా' అన్నాడు. అవునన్నాను.

వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కానీ టీమ్ మార్చాలనే ఆలోచన రాలేదు, అది నా గొప్ప కాదు. 1968 నుంచి 1992 దాకా పాతికేళ్లలో ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కు పోయింది రెండేసార్లు. అన్నేళ్లూ సొంత స్టేడియంలో సీజన్ టికెట్లు మిగల్లేదు. 1960 నుంచి సీజన్ టికెట్లు మొత్తం అమ్ముడవుతూనే ఉన్నాయి. వెయిటింగ్ లిస్టులో లక్ష మందికి పైగా ఉన్నారు, బిడ్డ పుట్టగానే పేరు రాయించేవాళ్లున్నారు. హీరోలు కూడా పోతారు. బ్రెట్ ఫావ్రే చివరికి పక్క రాష్ట్రం మిన్నెసోటా టీమ్‌కు ఆడాడు, ఆరన్ రాడ్జర్స్ 2023లో న్యూయార్క్ పోయాడు. జనం అక్కడే కూర్చున్నారు. నువ్వు ఏటా మార్చు, తప్పేం లేదు. గెలిచినప్పుడు నీకు ఎంత సంతోషం కలుగుతుందో మాత్రం ఒకసారి రాసి పంపు, నాకు తెలుసుకోవాలని ఉంది.

*ప్రశ్న: ఆ చలిలో ఎట్లా కూర్చుంటారు? తలమీద చీజ్ ముక్క పెట్టుకుంటారట, నిజమేనా?*
– పరకాల

జవాబు: చలికి నేను మంకీ క్యాప్ మీద ఇంకో టోపీ, రెండు జతల మేజోళ్లు వేసుకున్నాను. పక్కాయన కాళ్ల కింద వేసుకొమ్మని అట్టముక్క ఇచ్చాడు. సిమెంటు చల్లదనం బూటులోంచి పైకి రాకుండా అదే కాపాడింది. ఇది అసలు చలే కాదని కూడా అన్నాడు. 1967 డిసెంబర్ 31న డల్లాస్‌తో ఫైనల్ మైనస్ 25 డిగ్రీల సెల్సియస్‌లో జరిగింది. నేలకింద పెట్టిన వేడి తీగలు పనిచేయలేదు, మైదానం గడ్డకట్టింది, రిఫరీలకు విజిల్ ఊదే వీలు లేక నోటితో అరిచారు. చివరి క్షణాల్లో మా ఆటగాడు బార్ట్ స్టార్ బంతిని తానే పట్టుకుని గీత దాటాడు. 21–17.

టోపీ నిజం చీజ్ కాదు, పసుపుపచ్చ స్పాంజి. గ్రీన్ బే ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రమంతా పాడి, చీజ్. అందుకని షికాగో వైపువాళ్లు వీళ్లను 'చీజ్ తలలు' అని వెక్కిరించేవారు. 1987లో మిల్వాకీలో ఒకతను ఇంట్లో సోఫా స్పాంజి కోసి చీజ్ ముక్కలాగా చేసి నెత్తిన పెట్టుకుని బేస్‌బాల్ మ్యాచ్‌కు పోయాడు. అది ప్యాకర్స్ జనానికి నచ్చింది. నా మనవడు నాకొకటి పంపాడు. మా ఆవిడ దాన్ని నడుం నొప్పికి కుర్చీలో వెనక పెట్టుకుంటుంది. మ్యాచ్ మొదలయ్యే ముందు మాత్రం తీసి ఇస్తుంది, 'అరవకు' అని చెప్పి మరీ.