తిరుపతిలో కొత్త ఫ్లాట్ హాలుకి వాల్‌పేపర్ వేయించాలనుకుంటున్నాం. ఎలాంటి డిజైన్ బాగుంటుంది?

డిజైన్ సంగతి తర్వాత. ముందు ఆ గోడకి అవతల ఏముందో చూసుకోండి. బాత్రూమా? బయటి గోడా? బయటిదైతే వాన కొట్టే వైపా? మన ఊళ్ళో వాల్‌పేపర్‌ని పాడుచేసేది ఎండ కాదు, గోడలో చెమ్మ. మనకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనం మాత్రం మే నెలలో, గోడలు పొడిగా ఉన్నప్పుడు ముచ్చటపడి వేయించుకుంటారు. దీపావళి దాటాక షాపువాణ్ణి తిడతారు.

మా మరిది ఇంట్లో జరిగింది చెప్తాను. అవిలాల వైపు ఇల్లు కొన్నాడు. హాల్లో ఒక గోడ నిండా ఏడుకొండలు, ఆనంద నిలయం గోపురం, పక్కన నిలువెత్తు స్వామి. కొలతలిచ్చి ప్రింట్ చేయించుకునే రకం, చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ గోడ ముందే ఫోటోలు. మా అత్తగారు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయి, "స్వామిని బంకేసి గోడకి అంటిస్తారా నాయనా? రేపు పాతబడితే ఏం జేస్తావు?" అన్నారు.

"ఇది వినైలు మా, ఏమీ కాదు. మాసినా తడిగుడ్డతో తుడుచుకోవచ్చు" అన్నాడు మావాడు.

"స్వామిని తడిగుడ్డతో తుడుస్తాడంట" అని ఆమె నావైపు చూశారు. నేనేం మాట్లాడతాను.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ గోడ తూర్పు వైపుది, పైన సన్‌షేడ్ కూడా లేదు. నీళ్ళు తగ్గాక చూస్తే స్వామి పాదాల దగ్గర పేపరు బుడగలా ఉబ్బింది. తర్వాత అంచుల్లో నల్ల మచ్చలు, గదంతా ముక్కవాసన. వినైలంటే పైన ప్లాస్టిక్ పొరే కదా. గోడలో తడికి ఇటువైపు దారి ఉండదు, లోపలే బూజు పడుతుంది. పెయింటయితే పెచ్చులూడి ముందే చెప్పేది.

సరే, పీకేద్దామని పనివాణ్ణి పిలిచారు. అతను బ్లేడు తీశాడు, ఒకసారి పైకి చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "కొండల వరకైతే చేస్తాను సార్, స్వామిని నేను చింపను" అన్నాడు. "కొండలు మాత్రం స్వామివి కాదా?" అని మా అత్తగారు. ఆఖరికి ఆమే మరిదికి తలస్నానం చేయమని చెప్పి, హారతి ఇచ్చి, కింద నుంచి మెల్లగా ఒలిపించారు. తడికి బంక వదిలేసింది కాబట్టి చిరగకుండా వచ్చింది. మరి దాన్నేం చేయాలి? చెత్తబండిలో వేయలేరు, కాల్చలేరు. నీళ్ళలో కలుపుదామంటే ప్లాస్టిక్కు, కరగదు. స్వర్ణముఖికి ఇప్పటికే మనం చేసింది చాలు. ఇప్పటికీ ఆ స్వామి కొత్త పంచెలో చుట్టి సజ్జ మీద ఉన్నాడు.

కాబట్టి దేవుడి బొమ్మ వాల్‌పేపర్ మాత్రం వద్దు. ఇందులో నాతో వాదించొద్దు. కలంకారీ బొమ్మల ప్రింట్ పేపర్లు కూడా అమ్ముతున్నారు, అవి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గంట ప్రయాణంలో శ్రీకాళహస్తి ఉంది. అక్కడ బట్టని కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టి, వెదురు కలంతో చేత్తో గీస్తారు. గుడిలో వేలాడదీయడానికే పుట్టిన పని అది. ఒక బట్ట కొని కడ్డీకి తగిలించండి. వానాకాలం తీసి మడతపెట్టుకోవచ్చు, ఇల్లు మారితే వెంట తీసుకెళ్ళవచ్చు.

అయినా పేపరే కావాలంటే, అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. తీశాక లోపలివైపు చెమ్మ కనిపించినా, గోడ నల్లబడినా ఆ గోడని వదిలేయండి. సున్నం గోడ మీదా నిలవదు, పొడి రాలి బంక పట్టదు. గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, అది పూర్తిగా ఆరాకే అంటించాలి. పనివాళ్ళు భోజనం వేళకి ముగించేయాలని చూస్తారు, ఒప్పుకోకండి. మొదటి పట్టీని తూకపు గుండు కట్టి నిలువు చూసి అంటించమనండి. గోడ మూల ఎప్పుడూ నిలువుగా ఉండదు, ముఖ్యంగా బిల్డర్లు కట్టినవి.

మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు. దగ్గర దగ్గర 57 చదరపు అడుగులు. పదడుగుల ఎత్తు గోడకి ఒక రోల్లో మూడు పట్టీలు వస్తాయి. పెద్ద పూల డిజైనైతే పక్కపక్కన పువ్వులు కలపడానికి కత్తిరించాలి కాబట్టి, ఒక్కోసారి రెండే వస్తాయి. షాపువాడు చదరపు అడుగుల లెక్క చెప్పి మూడో పట్టీ సంగతి దాటేస్తాడు. అన్ని రోళ్ళూ ఒకే బ్యాచ్ నంబరువా కాదా చూడండి. వేరే బ్యాచ్ అయితే రంగు కొంచెం తేడా వస్తుంది, అది గోడెక్కాకే తెలుస్తుంది. ఒక రోలు ఎక్కువ కొని పెట్టుకోండి. వినైలు కన్నా నాన్-వోవెన్ రకం (నేయకుండా నారని అతికించి చేసేది) నయం. బంక గోడకే రాస్తారు, రేపు వద్దనుకుంటే పట్టీ పట్టీగా ఊడొస్తుంది.

డిజైన్ అడిగారు కదా. లేత రంగు, సన్న గీతలు, ఒక్క గోడకే. నాలుగు గోడలకీ వేస్తే లాడ్జి గదిలా ఉంటుంది, తిరుపతిలో అవి చాలినన్ని ఉన్నాయి.