మామత్ ఏనుగుకు తాత కాదు, దాయాది

ప్రశ్న: ఒళ్లంతా బొచ్చుతో ఉండే మామత్‌ల నుంచే నేటి ఏనుగులు పుట్టాయని చదివాను. నిజమేనా?

జవాబు: నిజం కాదు. చాలామందిలో పాతుకుపోయిన అపోహ కాబట్టి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. మామత్‌లూ నేటి ఏనుగులూ ఒకే కుటుంబానికి చెందిన దాయాదులు. సుమారు 60-70 లక్షల ఏళ్ల క్రితం ఆఫ్రికాలో వీటి ఉమ్మడి మూలం నుంచి ముందుగా ఆఫ్రికా ఏనుగుల శాఖ విడిపోగా, మిగిలిన శాఖ ఆ తరువాత మామత్‌లుగా, ఆసియా ఏనుగులుగా చీలింది. అంటే మన అడవుల్లోని ఏనుగుకు ఆఫ్రికా ఏనుగు కంటే మామతే దగ్గరి చుట్టం. 2006లో వెలువడిన మామత్ మైటోకాండ్రియా డీఎన్‌ఏ (కణంలోని మైటోకాండ్రియా అనే భాగంలో ఉండే డీఎన్‌ఏ) పరిశీలన కూడా ఇదే చెప్పింది.

డీఎన్‌ఏ కంటే చాలా ముందే ఈ వర్గీకరణకు దారి చూపినవి దవడ పళ్లు. ఏనుగు దవడ పన్ను గంట్లు పెట్టిన తిరగలి రాయిలా ఉంటుంది. నిలువు పలకలు వరుసగా అతుక్కుని ఏర్పడిన ఆ పన్ను అరిగేకొద్దీ పైన ఎనామిల్ గట్లు తేలుతాయి. ఆఫ్రికా ఏనుగులో ఆ గట్లు డైమండ్ ఆకారంలోనూ, ఆసియా ఏనుగులో సన్నగా దగ్గర దగ్గరగానూ, గరుకు గడ్డి మేసిన మామత్‌లో మరింత దట్టంగానూ ఉంటాయి. 1796లో పారిస్‌లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త జార్జ్ కువియె ఈ తేడాలను చూపి, ఇవి మూడూ వేర్వేరు జాతులనీ, మామత్ అంతరించిపోయిన జాతి అనీ వాదించారు. ఒక జాతి భూమి మీద పూర్తిగా లేకుండా పోవడమన్నది ఊహకే అందని ఆ రోజుల్లో అది ఎంతో సాహసమైన మాట.

రూపాన్ని చూసి బంధుత్వం నిర్ణయించకూడదనడానికి ఏనుగులా కనిపించే, అంతరించిపోయిన అమెరికా మాస్టోడాన్ మంచి ఉదాహరణ. తొండం, దంతాలు ఉన్నా, ఆకులూ రెమ్మలూ నమిలే దాని పళ్ల మీద గట్లకు బదులు బొడిపెలుంటాయి. దాని శాఖ రెండు కోట్ల ఏళ్లకు ముందే వేరుపడింది. మన శివాలిక్ కొండల్లో శిలాజాలుగా దొరికిన స్టెగోడాన్ అనే జంతువు ఏనుగులకు ఇంకా దగ్గరిదే అయినా, దానిదీ వేరే కుటుంబమే. అందులో ఒక జాతికి గణేశుని పేరు పెట్టారు.

చివరి మామత్‌లు ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల క్రితం వరకు బతికాయి. సింధు నాగరికతవారు ముద్రల మీద మన ఏనుగు బొమ్మను చెక్కుతున్న కాలానికి అవి ఇంకా సజీవంగానే ఉన్నాయి.