పరిశోధన ఎలా చేయాలో ఎవరూ నేర్పకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

పీహెచ్‌డీలో కొత్తగా చేరారు, సబ్జెక్టు చెబుతున్నారు గానీ పరిశోధన చేయడం ఎవరూ నేర్పడం లేదు అంటున్నారు. ముందు పేపర్లు చదవడంతో మొదలుపెట్టండి.

పేపర్‌ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. సారాంశం, బొమ్మలు, ముగింపు చూసి, పనికొస్తుందనిపిస్తేనే పద్ధతుల భాగంలోకి దిగండి. చదివిన ప్రతిదానికీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాసుకోండి. లేకపోతే ఆరు నెలల తర్వాత "ఇది ఎక్కడో చదివానే" అని తల పట్టుకోవాలి. 2006లో వచ్చిన జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పేపర్లనీ నోట్సునీ ఒకేచోట ఉంచుతుంది, థీసిస్ చివర రిఫరెన్సుల జాబితా కూడా తనే తయారుచేస్తుంది. మొదటి వారంలోనే పెట్టుకోండి. చివరి ఏడాదిలో మొదలుపెడితే అదో పెద్ద టెన్షన్.

ఫైళ్లకు తేదీతో పేరు పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని మూడు ఉంటే ఏది అసలుదో మీకే తెలియదు.

ఇక కెరీర్ సంగతి. పెద్ద కాన్ఫరెన్సు కోసం ఆగకుండా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లోనే మాట్లాడండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల థీసిస్ పోటీ ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. ఒకే స్లైడ్, మూడే నిమిషాలు. గెలుపు సంగతెలా ఉన్నా, మీ పని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం వస్తుంది. కాన్ఫరెన్సులకు వెళ్లేటప్పుడు విద్యార్థులకు ప్రయాణ గ్రాంట్లు ఉన్నాయేమో అడగండి. చాలామంది అడగక పోగొట్టుకుంటారు. పరిశోధకుల్ని విడివిడిగా గుర్తించడానికి ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబరు కూడా ఉచితమే, అది తీసుకుంటే మీ పేరే ఉన్న ఇంకొకరి పేపర్లతో మీవి కలిసిపోకుండా ఉంటాయి.