మీ నాయన నడుం ఆపరేషన్ గురించి: రిపోర్టు కంటే ముందు కాలు చూడండి

మీ నాయనకు 55 ఏళ్లు, ఎల్‌4–ఎల్‌5 దగ్గర, అంటే నడుం ఎముకల్లో నాలుగు, ఐదింటి మధ్య ఉండే మెత్త (డిస్క్) జారి ఎడమ కాల్లోకి నొప్పి దిగుతోంది, ఒంగోలులో ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు మందులు, వ్యాయామాలతో చూద్దామన్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. మాది పొదిలి దగ్గర పల్లె. నాకు జారింది కూడా ఆ డిస్కే, ఆపరేషన్ లేకుండానే తగ్గింది. మా అమ్మకు మాత్రం మెడ దగ్గర ఆపరేషన్ చేయించక తప్పలేదు. నేను డాక్టర్ని కాను. రెండూ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి, డాక్టర్లను అడిగి అడిగి తెలుసుకున్నవి చెబుతాను.

ముందు ఎమ్మారై పక్కన పెట్టి కాలు చూడండి. మీ నాయనను మడమల మీద నాలుగడుగులు నడవమనండి. కాలి బొటనవేలు పైకి లేపి ఉంచమని, మీరు చేత్తో కిందికి నొక్కండి. రెండు కాళ్లలో బలం సమానంగా ఉందా? నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? నొప్పి ఎంతున్నా బలం తగ్గకపోతే సాధారణంగా కొన్ని వారాలు ఆగి చూడొచ్చు. బలం తగ్గుతూ వస్తుంటే ఆగకూడదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, తెల్లారేదాకా కూడా చూడకుండా న్యూరోసర్జన్ లేదా స్పైన్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ ఆలస్యమైతే తర్వాత ఆపరేషన్ చేసినా మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక టీబీ కూడా అనుమానించాలి. దానికి అసలు వైద్యం నెలల తరబడి వాడే టీబీ మందులు.

ఇక నా సంగతి. మాకు ఎరువుల కొట్టుంది. 45 కిలోల యూరియా బస్తాలు ఎత్తి దించడమే పని. ఒకరోజు బస్తా దించుతుంటే పిర్ర నుంచి బొటనవేలి దాకా కరెంటు షాక్ కొట్టినట్టయింది. ఆ తర్వాత దగ్గినా తుమ్మినా ప్రాణం పోయేది. రిపోర్టులో ‘ఎక్స్‌ట్రూజన్’ (డిస్క్ ముక్క బయటికి పొడుచుకురావడం) అన్న మాట చూసి ఇంట్లో అందరికీ టెన్షన్. నన్ను చూసిన ఆర్థోపెడిక్ డాక్టరు మాత్రం కంగారు పడొద్దన్నారు. అలా బయటికి పొడుచుకొచ్చిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకుంటుందట. చిన్న ఉబ్బు కంటే బాగా బయటికొచ్చిన ముక్కే ఎక్కువసార్లు కుంచించుకుపోతుందని చెబితే నాకు ఆశ్చర్యమేసింది. తర్వాత చదివితే నిజమే.

రిపోర్టు చూసి భయపడొద్దు అనడానికి ఇంకో కారణముంది. 2015లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం, ఏ నొప్పీ లేని 50 ఏళ్లవాళ్లకు స్కాన్ తీసినా వందలో దాదాపు 60 మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. అందుకని కాల్లో నొప్పి దిగే దారి, రిపోర్టులో నొక్కుకున్న నరం ఒకదానికొకటి సరిపోతున్నాయా అని డాక్టర్ని సూటిగా అడగండి. సరిపోకపోతే ఆపరేషన్ చేసినా ఆ నొప్పి అలాగే ఉండిపోవచ్చు.

నాకు ఇచ్చింది కొన్నాళ్లు నొప్పి మాత్రలు, ఆపైన ఫిజియోథెరపీ. నెలల తరబడి మంచం మీద పడుకోమనలేదు. నొప్పి భరించలేనప్పుడు ఒకటి రెండు రోజులు పడుకుని, తర్వాత ఇంట్లోనే అటూ ఇటూ తిరగమన్నారు. ఫిజియో అమ్మాయి బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపే వ్యాయామం చేయించింది. నొప్పి పాదంలోంచి పిక్కలోకి, పిక్కలోంచి నడుంలోకి వెనక్కి జరిగితే మంచి గుర్తని, నడుంలో ఎక్కువైనట్టు అనిపించినా మానొద్దని చెప్పింది. చేసేకొద్దీ నొప్పి ఇంకా పాదం వైపే దిగుతుంటే ఆపేసి తనకు చెప్పమంది. నాకు అలాగే వెనక్కి జరిగింది. మూడో నెలకు కొట్లో కూర్చోగలిగాను. ఇప్పటికీ బస్తాలు ఎత్తే ముందు మోకాళ్లు వంచుతాను, బస్తాతో పాటు నడుం తిప్పను. బెల్టు ప్రయాణాల్లోనే. ట్రాక్షన్ (బరువులు కట్టి నడుం లాగడం) పెట్టించుకోమని చాలామంది చెప్పారు గానీ, దానివల్ల పెద్ద ఉపయోగం లేదనే ఎక్కువ పరిశోధనలు అంటున్నాయి. ఊళ్లో ఇచ్చే నొప్పి ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో కొనే మాత్రలు నెలల తరబడి వాడితే కిడ్నీలు, కడుపు దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మందులు, వ్యాయామాలకూ ఆపరేషన్‌కూ మధ్యలో వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటుంది. నరం చుట్టూ వాపు తగ్గించి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, డిస్క్‌ను వెనక్కి నెట్టదు. షుగర్ ఉంటే ఆ వారం షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పండి.

ఆరు నుంచి పన్నెండు వారాలు సరిగ్గా వైద్యం చేసినా కాలినొప్పితో నిద్ర లేకుంటే ఆపరేషన్ అడగడంలో తప్పేమీ లేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో తీవ్రమైన కాలినొప్పి ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగినవాళ్లలోనూ 39 శాతం మంది చివరికి ఆపరేషనే చేయించుకున్నారు. అంటే మీకు రెండు రకాలుగా చెప్పిన డాక్టర్లలో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు. పొలం పని ఆగి ఇల్లు గడవని మనిషికి త్వరగా తగ్గడం కూడా ముఖ్యమే.

ఆపరేషన్ అంటే ఏ ఆపరేషనో అడగండి. మామూలుగా డిస్క్ జారితే చేసేది మైక్రోడిస్కెక్టమీ, లేదా ఎండోస్కోపీతో అదే పని. నరాన్ని నొక్కే ముక్కను మాత్రమే తీస్తారు, డిస్క్ మొత్తాన్ని కాదు. చాలామందిని మర్నాటికే నడిపిస్తారు. కాలినొప్పి త్వరగా పోతుంది, తిమ్మిరికి నెలలు పడుతుంది, నడుంనొప్పి పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ మాటివ్వలేరు. కొంతమందికి అదే చోట మళ్లీ జారుతుంది. స్క్రూలు, రాడ్లు వేయాలంటే ఎముక ఎముక మీద జారుతోందా, ఎందుకు వేయాలి అని అడిగి, ఇంకో సర్జన్‌కి కూడా చూపించండి. ఆపరేషన్ చేస్తే కాళ్లు పడిపోతాయని మీ బంధువులు అన్నారు కదా, అలా జరిగే అవకాశం ఈ ఆపరేషన్‌లో చాలా తక్కువ.

మా అమ్మ విషయం వేరు, మీది దర్శి కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. మన నీళ్లలో ఫ్లోరైడ్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి వెన్నెముక చుట్టూ ఉండే బంధనాలు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. అమ్మకు మెడ తిరిగేది కాదు. తర్వాత జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయింది, నడకలో తూలడం మొదలైంది. అందరూ వయసు అన్నారు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపించడంతో ఫ్లోరోసిస్ అని తేలింది. వెన్నుపామే నొక్కుకుంటున్నప్పుడు వ్యాయామాలతో ఆగితే ఉన్న బలం కూడా పోతుందని, ఇలాంటి ఎముకకు ఆపరేషన్ చేయడం కష్టం కాబట్టి అనుభవమున్న చోటికే వెళ్లమని చెప్పారు. ఆపరేషన్ తర్వాత నడక నిలబడింది, వేళ్లలో చురుకు పూర్తిగా రాలేదు. మీ నాయన చేతుల్లో కూడా తిమ్మిరి, పట్టు తప్పడం ఉంటే మెడ కూడా చూపించండి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తొక్కించమని మీకు కూడా ఎవరో ఒకరు చెబుతారు. కండరం పట్టేసినప్పుడు హాయిగా అనిపించొచ్చేమో గానీ, జారిన డిస్క్ మీద, టీబీ పట్టిన ఎముక మీద, బిగుసుకుపోయిన వెన్ను మీద మనిషి బరువు పడనివ్వొద్దు. పెద్దవాళ్లు నొచ్చుకున్నా సరే, ఆపండి.

ఖర్చు విషయానికొస్తే, వెన్నెముక ఆపరేషన్లలో కొన్ని రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద వస్తాయి. ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్ర దగ్గర కార్డు చూపించి, మీ నాయనకు రాసిన ఆపరేషన్ పేరు చెప్పి అడగండి. డబ్బు కట్టాక అడిగితే లాభం ఉండదు, చేర్చకముందే అడగండి. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఎమ్మారై ఫిల్ములు లేదా సీడీ కూడా పట్టుకెళ్లండి. నన్ను చూసిన డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి ఫిల్ములే చూశారు.