ముందు గొంతు సంగతి చూడు

చిరంజీవి అమ్మలుకి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. గిటార్ వాయిస్తూ పాడటానికి ఆంప్, అదే శబ్దం పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, కొనాలనుకుంటున్నానని రాశావు. "60 వాట్లదా, 120 వాట్లదా, ఒక్క మాటలో చెప్పు మామయ్యా" అన్నావు. ఒక్క మాటలోనే చెబుతాను గానీ, ఆ మాట వాట్ల గురించి కాదు. ఆంప్‌ని గిటార్ కోసం కొనకు, గొంతు కోసం కొను. గిటార్ సంగతి ఎలాగూ కంపెనీవాళ్లు చూసుకుంటారు, పెట్టె మీద రాసిందే అకూస్టిక్ గిటార్ ఆంప్ అని కదా. మైకు వైపు మాత్రం చాలామంది మొక్కుబడిగా కానిచ్చేస్తారు. వినేవాళ్లేమో ముందు పాట వింటారు, పాటలో మాట వింటారు. గిటార్ కాస్త పల్చగా వినిపించినా సర్దుకుపోతారు, మాట అర్థం కాకపోతే ఫోన్లు బయటికి తీస్తారు.

నువ్వు రాసిన ఆ రెండిట్నే తీసుకో. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లు, లౌడ్‌బాక్స్ ఆర్టిస్ట్ 120. మినీలో ఆరున్నర అంగుళాల స్పీకర్, ఆర్టిస్ట్‌లో ఎనిమిది అంగుళాలది. అందరూ ఇంతవరకూ చూసి ఆగిపోతారు. పైనున్న నాబ్‌ల వరస చూడు. మినీలో గిటార్ ఛానల్‌కి, అంటే గిటార్ కలిపే దారికి, బేస్ (కింది స్వరాలు), మిడ్ (మధ్యవి), ట్రెబుల్ (పైవి) మూడూ ఉన్నాయి. మైకు ఛానల్‌కి బేస్, ట్రెబుల్ మాత్రమే. ఆర్టిస్ట్‌లో రెండు ఛానళ్లూ ఒకే రకం. ఎందులో గిటార్ పెట్టినా, ఎందులో మైకు పెట్టినా మూడేసి నాబ్‌లు, స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకో గిటార్‌లోకో దూరి వేసే కూతను ఆపే ఫిల్టర్ కూడా రెండిటికీ ఉంది. నా దృష్టిలో ఆ రెండు పెట్టెల మధ్య అసలు తేడా ఇదీ, వాట్లు కాదు.

ఒక్క మిడ్ నాబ్‌కి ఇంత రాద్ధాంతమా అనుకోకు. గొంతు మొత్తం ఉండేదే మధ్యలో. ముక్కుతో పాడుతున్నట్టు వినిపిస్తే సరిచేయాల్సింది ఇంచుమించు 1000 హెర్ట్జ్ దగ్గర, డబ్బాలో తలపెట్టి పాడుతున్నట్టుంటే 300 నుంచి 500 మధ్య. బేస్, ట్రెబుల్ ఎంత తిప్పినా ఆ చోటికి సరిగ్గా చేరవు. ట్రెబుల్ పెంచితే 'స'కారాలు ఈలలేస్తాయి, బేస్ తగ్గిస్తే గొంతు చిక్కిపోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. నీ గొంతుకు నీ మైకు అతికినట్టు సరిపోతే మిడ్ లేకపోయినా నడుస్తుంది, కాదనను. కానీ ఆ సంగతి పాడి చూస్తేనే తెలుస్తుంది, కాగితం మీద తెలియదు.

స్నేహితుడు తన ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ ఊరికే ఇస్తానన్నాడని రాశావు. దాంట్లో మైకు పెట్టకు. ఎలక్ట్రిక్ గిటార్ కోసం చేసిన స్పీకర్ 5000 హెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ వాయిద్యానికి అదే అందం, పైనున్న గరగర వినబడకుండా పోతుంది. నీ 'స', 'శ', 'ష', 'చ'ల పదునంతా ఉండేది మాత్రం అక్కడే. అవి పోతే పల్లవి మొత్తం దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. పైగా ఆ ఆంప్ గట్టిగా పెడితే కావాలనే స్వరాన్ని విరుస్తుంది. అకూస్టిక్ ఆంప్‌లో పెద్ద స్పీకర్‌తో పాటు ట్వీటర్ అని చిన్నది ఇంకొకటి ఉండేది అందుకే. దానికి విడిగా నాబ్ ఉంటే ఇంకా మేలు.

మైకు ఛానల్‌లో ఇంకేం చూడాలంటే, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్ ఉండాలి. గిటార్ కేబుల్ పట్టే పావు అంగుళం రంధ్రమే ఉండి "మైకు కూడా పెట్టుకోవచ్చు" అంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయ్. ఎకో రెండు ఛానళ్లకీ విడివిడిగా కలుపుకునే వీలుండాలి. గొంతుకు కాస్త ఎక్కువ కావాలి, గిటార్‌కి తక్కువ. రెండిటికీ కలిపి ఒకే నాబ్ ఇచ్చినవి ఉన్నాయి. గొంతుకు సరిపడా పెడితే స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి మీటడం, బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఇక ఫాంటమ్ పవర్, అంటే కేబుల్ గుండా ఆంప్ మైకుకు పంపే కరెంటు. ఆ కరెంటు మీద నడిచే కండెన్సర్ మైకు వాడితేనే అది కావాలి. పూర్తిగా అంటే 48 వోల్టులు, కొన్ని ఆంప్‌లు అంతకన్నా తక్కువ ఇస్తాయి, కొన్ని మైకులు ఆ తక్కువతో సరిగా పనిచేయవు. నీ దగ్గరున్నది కరెంటు అక్కర్లేని డైనమిక్ మైకే కాబట్టి దీని గురించి బెంగ వద్దు. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 ఇవాళ్టికీ వేదికల మీద రాజ్యమేలుతోందంటే ఆ రకం మైకు ఎంత మొండిదో చూసుకో. ఆంప్ పక్కనే పెట్టుకుని పాడేవాళ్లకు కండెన్సర్ కన్నా అదే నయం. అక్కడ భయమంతా కూత గురించే.

అసలు తలనొప్పి కూత. మైకు కూత వేరు, గిటార్ కూత వేరు.

గిటార్ డొల్ల లోపలి గాలికి తనదైన శ్రుతి ఒకటుంటుంది. మామూలు పెద్ద సైజు గిటార్లలో అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే ఆరో తీగ మూడు, నాలుగో మెట్ల దగ్గర పలికే స్వరం. నమ్మకం కుదరకపోతే గిటార్ రంధ్రం దగ్గర నోరు పెట్టి కింది స్వరం నుంచి మెల్లగా 'ఊ' అంటూ పైకి రా. ఒకచోట చెక్క మొత్తం అరచేతి కింద జిల్లుమంటుంది. స్పీకర్ నుంచి అదే స్వరం వచ్చి డొల్లను తాకితే చెక్క కదులుతుంది, పికప్ (గిటార్ కదలికను కరెంటుగా మార్చే ముక్క) దాన్ని పట్టుకుంటుంది, ఆంప్ మళ్లీ పెంచి పంపుతుంది. ఆ 'బూఁ...' అంతా ఆ చక్రమే. బేస్ మొత్తం తగ్గిస్తే ఆగుతుంది గానీ గిటార్ ప్రాణం కూడా దాంతోనే పోతుంది. అందుకే నాచ్ ఫిల్టర్ కావాలి. కొన్నిటి మీద యాంటీ ఫీడ్‌బ్యాక్ అని రాసి ఉంటుంది. ఆ ఒక్క స్వరాన్నే సన్నగా కోసేసి మిగతావి వదిలేస్తుంది. సెట్ చేసేటప్పుడు వాల్యూమ్ మెల్లగా పెంచి, బూమనడం మొదలవగానే నాబ్ తిప్పుతూ పో, ఒకచోట టక్కున ఆగుతుంది. ఆ పక్కనే ఫేజ్ అని చిన్న బటన్ ఉంటే అదీ నొక్కి చూడు. ఒక్కోసారి అదొక్కటే చాలు. గిటార్ రంధ్రానికి రబ్బరు మూత బిగిస్తే ఇంకా ధీమా. అందంగా ఉండదు గానీ పని చేస్తుంది.

మైకు కూత చాలావరకు ఆంప్ ఎక్కడ పెట్టావన్న దాని మీదే ఉంటుంది. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు ముందు నుంచి బాగా వింటుంది, పక్కల నుంచి తక్కువ, సరిగ్గా వెనక నుంచి దాదాపు వినదు. సూపర్ కార్డియాయిడ్‌కైతే నేరుగా వెనక కాదు, వెనక్కి కాస్త ఏటవాలుగా, రెండు పక్కలా చెవుడు. ఆంప్ నీ వీపు వెనక పెట్టుకున్నావంటే స్పీకర్‌ని మైకు ముందు వైపుకు ఎదురుగా పెట్టినట్టే. పక్కకు జరిపి, నీకంటే ఓ అడుగు ముందుకు ఉంచు. అలాగైతే నీకూ ఓరగా వినబడుతుంది, ముందున్నవాళ్లకూ వెళ్తుంది. వెనక్కి వాలేలా కట్టిన పెట్టెలు నేల మీద పెట్టినా శబ్దం చెవి దాకా వస్తుంది. నిలువుగా ఉండేదైతే స్టాండ్ ఎక్కించు, లేకపోతే మోకాళ్లకు పాడుతున్నట్టే. మైకు దగ్గరగా పెట్టి పాడు, అప్పుడు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, తక్కువ సరిపోతుంది, కూత భయమూ తగ్గుతుంది. మరీ పెదాలకు ఆనిస్తే బేస్ ఉబ్బుతుంది, అప్పుడు మైకు ఛానల్‌లో బేస్ కాస్త తగ్గించుకో.

ఇప్పుడు వాట్లు. 60 నుంచి 120కి వెళ్తే శబ్దం రెట్టింపు అవుతుందనుకోవడం సహజం. కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి "ఆఁ, కాస్త గట్టిగా ఉంది" అనిపించేంత. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. అదే బయట ఖాళీ స్థలంలో వినేవాడు రెండింతల దూరం వెళ్లగానే 6 డెసిబెల్స్ పోతాయి. అందుకని ఆరుబయట పాడాలంటే పెద్ద ఆంప్ కన్నా, జనం దగ్గరగా కూర్చోవడం ఎక్కువ పని చేస్తుంది. మరి ఎక్కువ వాట్లు దండగా? దండగ కాదు. మెల్లగా పాడుతూ పాడుతూ ఒక్కసారి తారస్థాయికి ఎత్తుకున్నప్పుడు గొంతు ఎంత ఎగుస్తుందో నీకు తెలుసు. సరిగ్గా అప్పుడే స్ట్రమ్మింగ్ కూడా జోరెక్కుతుంది. ఒకే పెట్టె రెండూ మోయాలి. ఆ క్షణంలో గరగరమనకుండా నిలబడటానికే ఆ మిగులు. పాతికముప్పై మంది కూర్చునే గదికి 60 సరిపోతుంది. మాటలు, గ్లాసుల చప్పుడు ఉండే చోటైతే 100 పైన ఉంటే నిశ్చింత. దాన్ని దాటితే ఇక సౌండ్ సిస్టం వాళ్ల పనే.

ఆ సౌండ్ సిస్టం వాళ్లకు కలపడానికి వెనక డీఐ అవుట్, అంటే నీ శబ్దాన్ని నేరుగా వాళ్ల మిక్సర్‌కి పంపే దారి, తప్పకుండా చూడు, ఎక్స్‌ఎల్‌ఆర్ జాక్‌తో. హాల్లో వాళ్ల స్పీకర్లు జనానికి, నీ ఆంప్ నీ చెవికి. అక్కడ హమ్, అంటే గుయ్‌మనే రొద, వస్తే ఆపడానికి గ్రౌండ్ లిఫ్ట్ అనే బటన్ ఉండాలి. గొంతుకీ గిటార్‌కీ విడివిడి డీఐలుంటే సౌండ్ చూసుకునే మనిషి నీకు దణ్ణం పెడతాడు. రెండూ కలిపి ఒకే తీగలో పంపితే గొంతు ఒక్కటే పెంచడం అతని వల్ల కాదు.

గిటార్ ఛానల్ గురించి క్లుప్తంగా. బ్రిడ్జ్ (తీగలు బిగించే చెక్క) కింద ఉండే పీజో పికప్‌కి ప్రీఆంప్ (సన్నని సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న సర్క్యూట్) లేకపోతే, ఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే గిటార్ సిగ్నల్‌కి అది చూపే నిరోధం, కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలి, ఎక్కువైతే మంచిదే. తక్కువైతే బేస్ ఎగిరిపోయి ప్లాస్టిక్ తీగలు మీటినట్టుంటుంది. గిటార్‌లోనే బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటే ఈ గొడవ లేదు. కాకపోతే వాయించడం అయ్యాక జాక్ పీకేయ్. చాలా గిటార్లలో జాక్ పెట్టి ఉన్నంతసేపూ బ్యాటరీ కరిగిపోతూనే ఉంటుంది.

కోరస్, లూపర్, బ్లూటూత్ లాంటి అదనపు హంగులు చూసి మనసు పారేసుకోకు. బాస్ అకూస్టిక్ సింగర్ వరసలో నీ గొంతుకు తోడు గొంతు కలిపే హార్మొనీ కూడా ఉంది, ముచ్చటగానే ఉంటుంది. నాకైతే అది రెండు పాటలకు మించి మోజు నిలవని సరుకు. బ్యాటరీ మీద నడిచేది కావాలంటే అది వేరే సంగతి, కరెంటు దొరకని చోట పాడేవాళ్లకు అదే ప్రాణం. రోలాండ్ ఏసీ-33 మామూలు పెన్సిల్ సెల్స్ ఎనిమిదితో నడుస్తుంది, కరెంటు మీద 30 వాట్లయితే సెల్స్ మీద 20. నలుగురి మధ్య కూర్చుని పాడుకోవడానికి అది బంగారం. బరువు కూడా చూసుకో. మినీ 9 కిలోలు, ఆర్టిస్ట్ ఇంకో రెండు మూడు కిలోలు ఎక్కువ. ఒక భుజాన గిటార్, రెండో చేత్తో ఇది పట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కి చూస్తే ఆ తేడా విలువ తెలుస్తుంది.

ఆంపే కొనాలని రూలేం లేదు, అదీ చెప్పాలి. మైకునీ గిటార్‌నీ కలిపే చిన్న మిక్సర్, దానికి పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్ ఉన్నది) ఒకటి పెట్టుకుంటే గొంతు తరచుగా ఇంతకంటే శుభ్రంగా వినిపిస్తుంది, రేపు ఇంకో గాయకుడు కలిసినా చోటుంటుంది. మోయాల్సినవి, కలపాల్సిన వైర్లు ఎక్కువవుతాయి. నువ్వు ఒక్కదానివే వెళ్లి, ఒక్కదానివే సర్దుకుని వచ్చేదానివి కాబట్టి ఒకే పెట్టె వైపు మొగ్గుతున్నాను.

కొట్టుకు వెళ్లేటప్పుడు నీ గిటార్, నీ మైకు, నీ కేబుళ్లు పట్టుకెళ్లు. వాళ్ల ఖరీదైన గిటార్‌తో ఏ ఆంప్ అయినా బాగానే ఉంటుంది. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, ఎకో పూర్తిగా తీసేయ్. అమ్మేవాళ్లు ముందుగా ఎకో పెంచి పెడతారు, ఎవరి గొంతైనా తీయగా వినిపించడానికి. కూర్చుని కాదు, నిలబడి పాడు. ముందు గిటార్ లేకుండా గొంతొక్కటే, మాటలు దట్టంగా ఉన్న చరణం ఒకటి ఎంచుకో. తోడు ఎవరినైనా తీసుకెళ్లి గదికి ఆ చివర నిలబెట్టి, వాళ్లకు తెలియని పాట పాడి, మాటలు తిరిగి చెప్పమను. తర్వాత గిటార్ కలుపు. కూత మొదలయ్యే దాకా వాల్యూమ్ పెంచి, అక్కణ్నుంచి కొంచెం తగ్గించి, అంత గట్టిదనం నీకు సరిపోతుందో లేదో చూసుకో. పాడకుండా ఊరికే నిలబడి 'స్స్స్' అనే రొద ఎంతుందో కూడా విను, మెల్లని పాటల మధ్య అది బయటపడుతుంది.

ఇలా పాడి చూశాక మినీలోనే నీ గొంతు నిండుగా ఉందనిపిస్తే మారుమాట లేకుండా అదే తెచ్చుకో. లేదంటే ఆర్టిస్ట్. మళ్లీ ఉత్తరం రాసేటప్పుడు నీ గిటార్ పక్క చెక్కలో బ్యాటరీ పెట్టే చిన్న అర ఉందో లేదో చూసి రాయి. లేకపోతే మెగోమ్‌ల లెక్క ఇంకోసారి చూసుకుని గానీ డబ్బు కట్టకు.

మామయ్య